నల్లరేగడి పెరట్లో పటింగ్ గ్రీన్: ఆకురాలు కాలంలో వేసుకునే పద్ధతి

ఉత్తర డాలస్ శివార్లలో, అంటే ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ చుట్టుపక్కల ఇల్లు కొనుక్కున్న తెలుగువారు పెరట్లో పలుగు దించిన మొదటి రోజే ఆ మట్టిని గుర్తుపడతారు. అది మనకు కొత్తది కాదు. కర్నూలు, గుంటూరు పత్తిచేలల్లో చూసిన నల్లరేగడే. మృత్తికా శాస్త్రం రెండింటినీ వర్టిసోల్స్ అనే ఒకే వర్గంలో చేర్చింది. ఎండాకాలంలో చెయ్యి దూరేంత నెర్రెలు, వాన పడితే ఉబ్బి మూసుకుపోవడం, తడిలో నడిస్తే చెప్పుల కింద మరో జత చెప్పులంత మట్టి. పటింగ్ గ్రీన్ అంటే గోల్ఫు బంతిని నేల మీద దొర్లించి కప్పు అనే చిన్న గుంటలో వేయడం సాధన చేసే చోటు. ఈ నేల మీద దాన్ని వేయాలంటే ముందు అర్థం చేసుకోవలసింది గోల్ఫును కాదు, ఈ మట్టి కదలికను.

మా పెరట్లో మొదటి గ్రీన్‌ను ఒక జూన్ నెలలో కాంట్రాక్టరు వేశాడు. ఆరంగుళాల గొయ్యి తీసి, అందులో కంకర నింపి, పైన ఆకుపచ్చ కృత్రిమ గడ్డి పరిచాడు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. అక్టోబరు వానలకు ఆ గొయ్యి నీళ్ల తొట్టిగా మారింది. చుట్టూ బంకమట్టే కాబట్టి నీటికి పోయే దారి లేదు. అడుగున మట్టి ఉబ్బింది, గ్రీన్ మధ్యలో గూని లేచింది. ఏ కప్పు వైపు కొట్టినా బంతి ఆ గూని దగ్గర పక్కకు తిరిగేది. మరుసటి అక్టోబరులో అంతా పీకి, ఇంట్లోవాళ్లమే కలిసి మళ్లీ వేశాం. అది ఇప్పటికీ చదునుగా ఉంది. ఆ రెండోసారి చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను.

పిల్లల ఆసక్తీ దీనికి కారణమే. 2022లో గోల్ఫు శిక్షకుల సంఘమైన పీజీఏ ఆఫ్ అమెరికా తన ప్రధాన కార్యాలయాన్ని ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకు మార్చింది. 2023 సెప్టెంబరులో సాహిత్ తీగల కాలిఫోర్నియాలో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచి, వృత్తి గోల్ఫర్ల పోటీల వరుస అయిన పీజీఏ టూర్‌లో తొలి విజయం అందుకున్నాడు. తెలుగింటి పేరు స్కోరు పట్టికలో పైన కనిపించిన వారం మా ఇంట్లో పటర్ కోసం, అంటే బంతిని దొర్లించే గోల్ఫు కర్ర కోసం, పేచీ మొదలైంది.

ఆకురాలు కాలమే ఎందుకు

నాలుగు కారణాలున్నాయి. ఒకటి మట్టి తడి: వేసవి నెర్రెలు పూడి, చలికాలపు బురద ఇంకా రాని సమయం ఇది. రెండు, గడ్డి చాప. కృత్రిమ గడ్డి ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. జులైలో సాగి ఉన్నప్పుడు మేకులు కొడితే జనవరిలో బిగుసుకుని అతుకులు విచ్చుకుంటాయి. చలిలో వేస్తే వేసవిలో ముడతలు లేస్తాయి. అక్టోబరు ఎండ రెండింటికీ మధ్యస్థం. మూడు, అతుకు జిగురు సరిగ్గా గట్టిపడాలంటే ఓ మోస్తరు వెచ్చదనం కావాలి. డబ్బా మీద రాసిన కనీస ఉష్ణోగ్రత చూసుకోండి. నాలుగో కారణం గరిక.

డాలస్ పెరళ్లలో పరిచే బెర్ముడా గడ్డి మన గరికే. వినాయక చవితికి పత్రిలో పెట్టుకునే ఆ గరికే, ఇక్కడ కృత్రిమ గడ్డికి ప్రధాన శత్రువు. భూమిలో పాకే కాండంతో కంకర కిందుగా వచ్చి అంచుల్లోంచి తలెత్తుతుంది. గ్లైఫోసేట్ అనే కలుపు మందు పచ్చగా పెరుగుతున్న గరిక మీదే పనిచేస్తుంది, ఎండిన దాని మీద పనిచేయదు. నవంబరు రెండో సగంలో మంచు పడితే గరిక గోధుమరంగుకు మారి నిద్రపోతుంది. అప్పుడు చచ్చిందనుకుని పైన కంకర పోస్తే ఏప్రిల్‌లో లేస్తుంది. కాబట్టి చవితి పూజ కాగానే, సెప్టెంబరులోనే మందు కొట్టి, పదిహేను రోజులు ఆగి, పచ్చగా మిగిలిన చోట మళ్లీ కొట్టాలి. తుంగ ఉంటే గ్లైఫోసేట్ చాలదు, హాలోసల్ఫ్యూరాన్ ఉన్న మందు వాడాలి. మందు డబ్బా మీది సూచనలను అక్షరాలా పాటించండి.

పార పట్టేముందు

హెచ్‌ఓఏ (ఇంటి యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే పటం గీసి అనుమతి తీసుకోండి. వాళ్లు జవాబివ్వడానికి వారాలు పట్టవచ్చు, ఆగస్టులోనే పంపితే మంచిది. తర్వాత, భూమిలోని గొట్టాలు, తీగలు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811కు ఫోను చేయాలి. టెక్సస్ చట్టం ప్రకారం తవ్వకానికి కనీసం రెండు పనిదినాల ముందు చెప్పాలి. ఖర్చేమీ ఉండదు. సంస్థల మనుషులు వచ్చి నేల మీద రంగులు వేస్తారు: పసుపు గ్యాసు, ఎరుపు కరెంటు, నారింజ ఫోను, ఇంటర్నెట్ తీగలు, నీలం మంచినీరు, ఆకుపచ్చ మురుగు. మీ పెరటి స్ప్రింక్లర్ గొట్టాలు మాత్రం వాళ్లు చూపించరు. వాటిని నడిపి చూసి, ఎక్కడెక్కడ ఉన్నాయో మీరే గుర్తులు పెట్టుకుని, గ్రీన్ కిందకు వచ్చేవాటిని ముందే పక్కకు మళ్లించాలి.

చోటు ఎంచుకునేటప్పుడు మూడింటిని చూడండి. ఇళ్ల మధ్య నీరు పారడానికి బిల్డరు వదిలిన పల్లపు దారిని అడ్డుకోకూడదు, అడ్డుకుంటే పక్కింటివారి పెరడు మునుగుతుంది. ఇంటి పునాదికి ఆనించి వేయకూడదు, కనీసం ఐదారు అడుగుల దూరం ఉండాలి. మూడోది చాలామందికి తట్టదు: వేడిని ఆపే పూత ఉన్న కొత్తరకం కిటికీ అద్దాల నుంచి పడే ప్రతిబింబం కృత్రిమ గడ్డిని కరిగించేస్తుంది. ఆకురాలు కాలంలో సూర్యుడు కిందికి దిగుతాడు కాబట్టి ఆ వెలుగు పడే చోటూ మారుతుంది. రెండు మూడు రోజులు గంటగంటకూ చూసి, వెలుగు పట్టీ పడే చోటును తప్పించండి.

ఎంత పెద్దది

కృత్రిమ గడ్డి చాపలు ఎక్కువగా 12 లేదా 15 అడుగుల వెడల్పుతో వస్తాయి. గ్రీన్‌ను 15 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవులో ఇమిడ్చితే ఆట జరిగే చోట ఒక్క అతుకూ రాదు. బంతి అతుకును గుర్తుపడుతుంది, ఎంత నేర్పుగా అతికినా. ఆకారాన్ని మూత్రపిండంలా మలుచుకోండి, కానీ ఆ కొలతల్లోనే. చుట్టూ కొంచెం పొడవు పోగుల గడ్డితో ఫ్రింజ్, అంటే అంచు పట్టీ, కావాలనుకుంటే మొత్తం పని చోటు సుమారు 400 చదరపు అడుగులు అవుతుంది. కింది లెక్కలన్నీ దానికే.

ముందుగా పురికొసతో, సున్నంతో నేల మీద ముగ్గు పోయండి. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ పోసినట్టే. దాన్ని పై అంతస్తు కిటికీలోంచి రెండు రోజులు చూడండి. వంపులు అక్కడినుంచే సరిగ్గా తెలుస్తాయి.

మట్టిని తడపడం

నా మొదటి గ్రీన్ చెడిపోయింది ఇక్కడే. జూన్‌లో ఎండి నెర్రెలిచ్చిన మట్టి మీద కంకర పోస్తే, వాన రాగానే ఆ మట్టి తన పూర్వ పరిమాణానికి ఉబ్బుతుంది, పైన ఉన్నదాన్ని మోసుకుంటూ లేస్తుంది. అందుకని పనికి రెండు వారాల ముందు, వానలు రాకపోతే, నీరు చెమర్చే గొట్టాలతో ఆ చోటంతా నెమ్మదిగా తడపాలి. నెర్రెలు పూర్తిగా పూడిపోవాలి. తర్వాత మూడు నాలుగు రోజులు ఆరనివ్వాలి. పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కావాలి, వేళ్లకు అంటుకోకూడదు, నడుము ఎత్తు నుంచి వదిలితే రెండు మూడు పెళ్లలుగా విరగాలి. రేగడి పొలాల్లో దుక్కి పదును చూసేది ఇలాగే. పదును దాటిన బురదలో దిగితే మట్టి మెదిగి జిగటగా మారుతుంది, ఇక ఎంత కొట్టినా గట్టిపడదు.

తవ్వకం, నీటి దారి

ఇసుకనేలలో గొయ్యి లోతుగా తీసి నేల మట్టానికి నింపుతారు. నల్లరేగడిలో ఆ పని వద్దు. చచ్చిన గడ్డి వేళ్లతో సహా రెండు, రెండున్నర అంగుళాలే తీయండి. పునాదిలో సగం నేల మట్టానికి పైకి వచ్చి గ్రీన్ చిన్న అరుగులా లేస్తుంది. దానివల్ల నీరు లోపలికి కాక బయటికి పోతుంది. తీసే మట్టి సుమారు మూడు ఘనపు గజాలే కాబట్టి మోత బరువూ తగ్గుతుంది. చెట్ల వేళ్లలో రెండంగుళాల కన్నా లావైనవాటిని నరకకండి. అలాంటివి ఎదురైతే ముగ్గునే పక్కకు జరపండి.

తవ్విన అడుగు చదునుగా ఉండకూడదు. ఇంటికి ఎదురు దిశలో, అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. అంటే సుమారు 2 శాతం. రసమట్టంతో, పొడవాటి బద్దతో ప్రతి నాలుగడుగులకూ సరిచూడండి. పల్లపు అంచు వెంట ఒక కాలువ తీసి, బట్ట తొడిగిన నాలుగంగుళాల చిల్లుల గొట్టం పరిచి, దాని చివర పెరటి పల్లపు దారిలో బయటికి తెరుచుకునేలా వదలండి. గొట్టానికీ అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం వాలు కావాలి. తర్వాత అడుగును ప్లేట్ కంపాక్టర్ అనే దిమ్మిస యంత్రంతో గట్టిపరచి, పైన నేయని రకం జియోటెక్స్‌టైల్ బట్ట పరచండి. అంచులు ఒకదాని మీద ఒకటి అడుగు మేర ఎక్కాలి. బట్ట లేకపోతే రెండు వానాకాలాల్లో కంకర మట్టిలోకి దిగిపోతుంది.

పునాది: అసలు గ్రీన్ ఇదే

ఆట నాణ్యతలో ఎక్కువ భాగం ఇక్కడే తేలిపోతుంది, పైన వేసే గడ్డి ఎంత ఖరీదైనదైనా. సమయం, ఓపిక ఇక్కడ ఖర్చుపెట్టండి.

ముందు అంచు కట్టండి. ప్లాస్టిక్ కలిపిన వంగే బద్దను ముగ్గు వెంట మేకులతో నిలబెట్టాలి. లోపల రెండు పొరలు వస్తాయి. కింద నాలుగంగుళాల నలిపిన సున్నపురాయి కంకర. ఇక్కడి రాతి దుకాణాల్లో దీన్ని ఫ్లెక్స్ బేస్ అంటారు. ముప్పావు అంగుళం ముక్కల నుంచి పొడి దాకా కలిసి ఉండడం వల్ల ఇది బిగుసుకుంటుంది. పైన ఒక అంగుళం డికంపోజ్డ్ గ్రానైట్, అంటే శిథిలమైన గ్రానైటు రవ్వ.

400 చదరపు అడుగులకు నాలుగంగుళాలంటే 133 ఘనపుటడుగులు, సుమారు 5 ఘనపు గజాలు. దిమ్మిసలో అణిగిపోయేదానికి పావు వంతు కలిపితే 6.25 గజాలు తెప్పించాలి. దాని బరువు దాదాపు 9 టన్నులు. ఒక్కో తోపుడు బండికి మూడు ఘనపుటడుగులు పడితే 56 సార్లు తిరగాలి. పిల్లలు, స్నేహితులు కలిసి ఒక శనివారం పూర్తి చేయగలరు, ఒక్కరే దిగితే నడుము ఒప్పుకోదు. గ్రానైటు రవ్వ ఒకటిన్నర గజం చాలు.

నాలుగంగుళాలూ ఒకేసారి పోయకండి. కంపాక్టర్ దెబ్బ పైపైనే ఆగిపోయి అడుగు వదులుగా మిగులుతుంది. రెండంగుళాలు పోసి, నీరు చిలకరించి, నిలువుగా రెండుసార్లు, అడ్డంగా రెండుసార్లు నడపాలి. ఆపైన మరో రెండంగుళాలు. మడమతో గట్టిగా తొక్కితే గుర్తు పడకూడదు.

గ్రానైటు రవ్వతో ఎత్తుపల్లాలు తీర్చుతారు. ఇక్కడ ఆశ అదుపులో ఉంచుకోవాలి. టీవీలో చూసిన అగస్టా గోల్ఫు మైదానపు గ్రీన్ల వంపులు 20 అడుగుల్లో పట్టవు. కప్పు పెట్టే చోట, దాని చుట్టూ మూడడుగుల మేర వాలు 2 శాతం దాటకూడదు. 3 శాతం మించితే తప్పిన బంతి కప్పు దగ్గర ఆగకుండా కిందికి జారిపోతుంది. ఒక మెల్లని పల్లం, ఒక మూల కొద్దిగా ఎత్తు ఉంటే చాలు, ఏళ్ల తరబడి సాధనకు సరిపోతుంది.

తర్వాత తప్పులు వెతకాలి. ఎనిమిదడుగుల అల్యూమినియం గొట్టాన్ని నేల మీద ఈడుస్తూ పోతే గుంటల దగ్గర కింద సందు కనిపిస్తుంది. చీకటి పడ్డాక టార్చిలైటును నేలకు ఆనించి వెలిగించండి, పగలు కనపడని గుంటలన్నీ నీడలై కనిపిస్తాయి. తెల్లారి గొట్టంతో సన్నగా నీరు పట్టి, నిలిచిన చోట సుద్దతో గుండ్రాలు గీసి, రవ్వ నింపి మళ్లీ దిమ్మిస చేయండి. చివరికి బంతి తెచ్చి గట్టి రవ్వ మీదే దొర్లించండి. ఇక్కడ సూటిగా పోని బంతి గడ్డి మీద కూడా పోదు. ఈ దశలో మేం నాలుగు సాయంత్రాలు గడిపాం, ఒక్క సాయంత్రమూ వృథా కాలేదు.

కప్పులు

కప్పు వ్యాసం 4.25 అంగుళాలు. 1891 నుంచి నిబంధనల్లో ఉన్న కొలత అదే. మూడు కప్పులు చాలు, అంచు నుంచి కనీసం రెండడుగులు లోపలికి. ఒక్కో చోట కప్పు లోతు కన్నా నాలుగంగుళాలు ఎక్కువ తవ్వి, అడుగున చిన్న కంకర పోసి, చుట్టూ కాంక్రీటు పట్టించి, కప్పు అంచు సరిగ్గా రవ్వ మట్టానికి ఉండేలా నిలపండి. కప్పు అడుగు చిల్లులోకి కాంక్రీటు దిగకూడదు, వాన నీరు పోయేది అందులోంచే. ప్రతి కప్పుకూ బయటి రెండు మేకుల నుంచి దూరం కొలిచి రాసుకోండి. గడ్డి పరిచాక వాటిని వెతికి పట్టుకునేది ఆ కొలతలతోనే.

గడ్డి ఎంపిక, పరవడం

కృత్రిమ గడ్డికి టెక్సస్‌తో పాత బంధం ఉంది. హ్యూస్టన్‌లోని ఆస్ట్రోడోమ్ స్టేడియంలో పైకప్పు పలకలకు రంగు వేశాక వెలుతురు చాలక అసలు గడ్డి చచ్చిపోయింది. 1966లో అక్కడ పరిచిన కృత్రిమ చాపకే ఆస్ట్రోటర్ఫ్ అనే పేరు స్థిరపడింది. పటింగ్‌కు వాడేది ఆ రకం కాదు. పోగు ఎత్తు అర అంగుళం లోపు, బాగా దట్టంగా ఉండాలి. నైలాన్ ఖరీదు ఎక్కువ, కానీ పోగు తనంతట నిలబడుతుంది, ఇసుక అంతగా అక్కర్లేదు. పాలీప్రొపిలీన్ చవక, పోగులు ఇసుక ఆధారంతో నిలుస్తాయి. ఓపికగా ఇసుక నింపగలిగితే అదీ చక్కగా ఆడుతుంది. పెరటి పచ్చిక కోసం అమ్మే పొడవు పోగుల గడ్డిని మాత్రం గ్రీన్‌కు తీసుకోవద్దు.

ఉదయం మంచు ఆరాక, పదకొండు గంటల ప్రాంతంలో చాప విప్పండి. అడుగు తడిగా ఉంటే జిగురు పట్టదు. ఎండలో రెండు గంటలు వదిలితే చుట్ట ముడతలు పోతాయి. నలుగురు మనుషులు ఎత్తి సరిచేయాలి, ఈడిస్తే రవ్వ చెదిరిపోతుంది. కత్తిరింపు వెనక వైపు నుంచి, కుట్టు వరుస వెంట చేయాలి. ఫ్రింజ్‌కు గ్రీన్‌కు మధ్య అతుకు కింద అతుకు పట్టీ, పాలీయురేథేన్ జిగురు వేసి, ఇసుక బస్తాలు బరువుగా పెట్టి ఒక రాత్రి వదలండి. బయటి అంచు వెంట నాలుగంగుళాలకొక ఆరంగుళాల జింకు పూత మేకు కొట్టాలి. బంతి తిరిగే లోపలి భాగంలో ఒక్క మేకూ కొట్టకండి.

కప్పుల చోట్లు కొలతలతో పట్టుకుని, మధ్యలో చిన్న గాటు పెట్టి, వేలితో అంచు తడుముతూ గుండ్రంగా కోయండి. తొందరపడితే చాప మొత్తం పాడవుతుంది.

ఇసుక, వేగం

గుండ్రని గింజలున్న, కడిగి ఎండబెట్టిన సిలికా ఇసుక కావాలి. కోసుగా ఉండే ఇసుక పోగులను అరగదీస్తుంది. పాలీప్రొపిలీన్ అయితే చదరపు అడుగుకు 2 పౌండ్ల నుంచి మొదలుపెట్టండి. 300 చదరపు అడుగుల గ్రీన్‌కు 600 పౌండ్లు, అంటే 50 పౌండ్ల బస్తాలు 12. ఎరువు చల్లే బండితో పలుచగా ఒక పొర, దాన్ని గట్టి కుంచె చీపురుతో పోగుల్లోకి దించడం, మళ్లీ పొర. ఐదారు పొరలకు పోగుల కొనలు మాత్రమే పైన కనిపిస్తాయి. ముందే రాలిన ఆకులన్నీ ఊడ్చేయాలి, లేకపోతే ఇసుకలో కలిసి కుళ్లి కలుపుకు ఎరువవుతాయి. సిలికా ధూళి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. ఎన్95 మాస్కు లేకుండా ఈ పని చేయకండి, పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

గ్రీన్ వేగాన్ని స్టింప్‌మీటర్‌తో కొలుస్తారు. 1935లో ఎడ్వర్డ్ స్టింప్సన్ దీన్ని తయారుచేశాడు. 36 అంగుళాల గాడి బద్ద, దిగువ కొన నుంచి 30 అంగుళాల దగ్గర చిన్న గంటు. కొనను నేలకు ఆనించి బద్దను సుమారు 20 డిగ్రీలు ఎత్తితే బంతి గంటులోంచి జారి దొర్లుతుంది. అది పోయిన అడుగులే వేగం. అల్యూమినియం మూలబద్దతో ఇంట్లోనే చేసుకోవచ్చు, ఆ 30 అంగుళాల గంటు నేల నుంచి పదంగుళాల పైచిలుకు లేవాలి. చదునైన చోట రెండు దిక్కులా మూడేసి బంతులు దొర్లించి సగటు తీయండి. ఇంటి గ్రీన్‌కు 9, 10 అడుగులు హాయిగా ఉంటుంది. తక్కువైతే ఇంకాస్త ఇసుక వేసి, నీరు నింపిన రోలరు తిప్పండి. మరీ ఎక్కువైతే చీపురుతో పోగులు లేపండి.

మొదటి ఏడాది

ఇసుక మొదటి నెలలో అణుగుతుంది, ఒకటి రెండు బస్తాలు విడిగా దాచిపెట్టుకోండి. దీపావళి పని పూర్తయిన కొద్ది రోజులకే వస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను: కాకరపువ్వొత్తులు, చిచ్చుబుడ్లు వాకిట్లోనే కాల్చండి. ఒక్క నిప్పురవ్వ పడినా పోగులు కరిగి గట్టి మచ్చ కడుతుంది, దాన్ని కోసి అతుకు వేయడం తప్ప దారి లేదు. జనవరి, ఫిబ్రవరిలో మంచుగడ్డ కడితే ఇనుప పారతో గీకకండి, ఉప్పు చల్లకండి, దానంతట కరగనివ్వండి. ఏప్రిల్‌లో అంచుల వెంట గరిక మొలక కనిపిస్తే వేలెడు ఉన్నప్పుడే పీకేయండి.

జూన్ వచ్చాక అసలు కాపలా మొదలవుతుంది. ఇక్కడివాళ్లు వేసవిలో ఇంటి పునాది చుట్టూ మట్టి నెర్రెలివ్వకుండా తడుపుతారు. గ్రీన్‌కూ అదే చేయాలి. నీరు చెమర్చే గొట్టాన్ని అంచుకు అడుగు దూరంలో చుట్టూ పరిచి, నగర నీటి నిబంధనల్లో అనుమతించిన రోజుల్లో నెమ్మదిగా తడుపుతూ, అంచు పక్కన మట్టిలో వేలు దూరే సందు పడకుండా అక్టోబరు దాకా చూసుకోండి.